ముందు గదికి రెండు ఆకుపచ్చలు: ఒంగోలు ఇంటి రంగుల డైరీ

ఏప్రిల్ చివరి వారం

మా ముందు గదికి ఆకుపచ్చ వేయాలన్న మాట మీద ఇంట్లో అందరమూ ఒకటయ్యాము గానీ, ఏ ఆకుపచ్చ అన్నది మాత్రం ఇంకా తేలలేదు. షేడ్ కార్డులోంచి ఒక్కొక్కటే తీసివేసుకుంటూ వచ్చి, చివరికి పక్కపక్క గళ్లలో ఉన్న రెండు రంగుల దగ్గర ఆగాము. రెండూ లేతవే, రెండింటిలోనూ బూడిద కలిసి ఉంది, వెలుతురును వెనక్కి పంపడంలో కూడా రెండూ దాదాపు సమానంగానే కనిపిస్తున్నాయి. ఒకదాన్ని ఒంటరిగా చూపించి ఇది ఏదని అడిగితే నేనైతే చెప్పలేను. పక్కపక్కన పెట్టినప్పుడే ఒకటి కాస్త పసుపు వైపు, రెండోది కాస్త నీలి బూడిద వైపు మొగ్గుతున్నట్లు తెలుస్తుంది. కార్డు మీద వాటికి అంకెలూ ఇంగ్లీషు పేర్లూ ఉన్నాయి. మా అత్తయ్య వాటిని పక్కనపెట్టి, పసుపు వైపుదానికి యాలక్కాయ అనీ, బూడిద వైపుదానికి ఎండు కరివేపాకు అనీ పేర్లు పెట్టారు. ఇంట్లో అందరికీ అవే అలవాటయ్యాయి కనుక ఈ డైరీలోనూ అవే వాడుతున్నాను.

గది సంగతి ముందే రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఈ రెండు రంగుల మధ్య తేడా ఎంత ఉందో చెప్పేది కార్డు కాదు, గది. పొడవు 14 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. వీధి తలుపు తూర్పున ఉంది, గదిలోకి వెలుతురు ప్రధానంగా వచ్చే పెద్ద కిటికీ ఉత్తరం గోడకు ఉంది, కిటికీకి అవతల వేపచెట్టు ఉంది. నేల చీమకుర్తి నల్ల గ్రానైటు, బంగారు రంగు చుక్కలు మెరిసే రకం. తలుపులూ కిటికీ రెక్కలూ టేకువి, పాలిష్ చేసినవి. పైకప్పు తెలుపు. ఇప్పుడు గోడల మీద ఉన్నది పాతబడిన లేత గులాబీ.

ఈ రకం బూడిద కలిసిన ఆకుపచ్చలకు ఇంత గిరాకీ రావడం పాత విషయమేమీ కాదు. అమెరికాలో 2022కి షెర్విన్ విలియమ్స్ కంపెనీ ‘ఎవర్‌గ్రీన్ ఫాగ్’ అనే రంగునూ, బెంజమిన్ మూర్ కంపెనీ ‘అక్టోబర్ మిస్ట్’ అనే రంగునూ ఆ ఏటి రంగులుగా ప్రకటించాయి. రెండూ ఒకే కోవకు చెందిన ఆకుపచ్చలే, ఫోటోల్లో అక్కాచెల్లెళ్లలాగే ఉంటాయి. కానీ గోడ మీద పడిన వెలుతురులో ఎంత భాగం వెనక్కి వస్తుందో చెప్పే ఎల్‌ఆర్‌వీ అనే కొలత ఒకటుంది. పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 100గా దాన్ని లెక్కిస్తారు. ఆ కొలత ప్రకారం ఎవర్‌గ్రీన్ ఫాగ్‌కు 30, అక్టోబర్ మిస్ట్‌కు 46 పైన. అంటే ఒకే గదిలో మొదటిది వేస్తే గది బాగా ముదురుగా మారుతుంది, రెండోది వేస్తే తేలికగానే ఉంటుంది. ఒకే కోవ రంగులను పోల్చేటప్పుడు ముందు చూడవలసింది ఈ వెలుతురు లెక్క. మా రెండింటికీ అందులో పెద్ద తేడా లేదు కనుక, మేము తేల్చుకోవలసింది రెండో లెక్క, అంటే అడుగు ఛాయ. పైకి ఆకుపచ్చగా కనిపించే రంగుకు అడుగున ఉన్నది పసుపా, నీలమా, బూడిదా అన్నదే ఆ ఛాయ.

ట్రంకు రోడ్డు షాపులో

రంగు కలిపే మిషను ఉన్న షాపుకు వెళ్లి రెండింటికీ చిన్న నమూనా డబ్బాలు కలిపించుకున్నాము. కలపడానికి ముందు తెర మీద వచ్చే సూత్రాన్ని, అంటే ఏ రంగు ఎంత పడుతుందో చెప్పే లెక్కను, చూపించమని అడిగితే, కౌంటరు దగ్గరి అబ్బాయి తెరను మా వైపు తిప్పి ఓపికగా చూపించాడు. ఈ ఒక్క చూపుతో నాకు సగం విషయం అర్థమైంది. రెండు రంగుల్లోనూ తెల్లటి బేసులో, అంటే ఇంకా రంగు కలపని పెయింటులో, పడేవి అవే మూడు: ఆకుపచ్చ, పసుపు ఆక్సైడు, నలుపు. మూడింటిలో అతి తక్కువగా పడేది ఆకుపచ్చే. థాలో గ్రీన్ అనే ఆ రంగు 1930లలో వచ్చిన రసాయన రంగు. దాని బలం ఎంతంటే కొద్ది చుక్కలు ఎక్కువైనా డబ్బా మొత్తం నీలి పచ్చకు తిరిగిపోతుంది. దానికి ముక్కుతాడు వేసి గోడకు తగ్గట్టు దించేది పసుపు ఆక్సైడు, నలుపు. యాలక్కాయలో పసుపు ఆక్సైడు పాలు ఎక్కువ, నలుపు తక్కువ. ఎండు కరివేపాకులో నలుపు ఎక్కువ, పసుపు తగ్గింది. మా రెండు రంగుల మధ్య ఉన్న భేదమంతా ఇదే: ఆకుపచ్చ దాదాపు సమానం, దాని వెంట ఉన్నవాళ్ల బలాబలాలు వేరు.

మేస్త్రి మాత్రం ఇదంతా అనవసరం అన్నాడు. “రెండూ ఒకటే గదమ్మా, తెల్లది తెచ్చుకుంటే నేనే స్టెయినరు వేసి మీకు కావలసిన పచ్చ తెప్పిస్తా” అన్నాడు. అతని చేతి లెక్క మీద నాకు నమ్మకం ఉంది. ఇరవై ఏళ్లుగా బకెట్టులో స్టెయినరు, అంటే చిన్న సీసాల్లో దొరికే చిక్కటి రంగు, కలిపి రంగు తెస్తున్న మనిషి. అయినా ఒప్పుకోలేదు. చేత్తో కలిపిన రంగును మళ్లీ అదే రంగుగా తీసుకురావడం దాదాపు అసాధ్యం. రేపు సోఫా గీసుకుని ఒకచోట గోడ రంగు లేచిపోతే, అక్కడ అద్దడానికి అదే రంగు దొరకాలి. మిషనులో కలిపిన డబ్బాకైతే మూత మీద సూత్రం చీటీ ఉంటుంది.

గోడ సిద్ధం

నమూనా వేయడానికి ముందే పాత గులాబీని వదిలించుకోవాలని పట్టుబట్టాను. గులాబీ పక్కన ఏ ఆకుపచ్చ పెట్టినా ఉన్నదానికన్నా ఎక్కువ పచ్చగా కనిపిస్తుంది. ఆ గోడ మీద నమూనా చూసి నిర్ణయించుకుంటే, గులాబీ పోయిన మరుక్షణం ఆ నిర్ణయానికి ఆధారం పోతుంది. అందుకని ముందు గోడంతా గీకి, పుట్టీ పట్టించి, తెల్ల ప్రైమరు వేయించాము.

గీకడం దగ్గర ఒక జాగ్రత్త తీసుకున్నాము. గులాబీ కింద ఇంకో రెండు మూడు పాత పొరలు బయటపడ్డాయి. కిటికీ చుట్టూ ఒకప్పుడు వేసిన ముదురు పచ్చ ఎనామిల్ పట్టీ కూడా కనిపించింది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామిల్ పూతల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ; పాత రోజుల్లో పచ్చ ఎనామిల్ కోసం వాడిన క్రోమ్ పసుపు అనే రంగు సీసంతో చేసిందే. కనుక ఆ పట్టీని పొడిగా రుద్దనివ్వలేదు. తడిపి గీకించి, రాలిన పెచ్చులను సంచిలో కట్టించి, గది తడిబట్టతో తుడిపించాము. పని జరుగుతున్నంతసేపూ పిల్లలను పెరటి వైపు గదిలో ఉంచాము. మేస్త్రి ముఖానికి తువ్వాలు కట్టుకుంటే సరిపోతుందన్నాడు. సరిపోదని చెప్పి మాస్కు తెప్పించి ఇచ్చాను.

పడమటి గోడ అడుగున చెమ్మ మరకలు, తెల్లగా ఉప్పు తేలిన జాడలు ఉన్నాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది కొత్త కాదు. ఆ భాగం ఆరే దాకా అక్కడ పుట్టీ పట్టవద్దని, మిగతా గోడలతో ముందుకు పోదామని అనుకున్నాము.

మే మొదటి వారం: నమూనాలు

నమూనాలను గోడ మీదే నేరుగా పూయకుండా, పెద్ద సైజు అట్టల మీద పూశాము. అట్ట అయితే కిటికీ దగ్గరికీ, చీకటి మూలకూ, తలుపు పక్కకూ తీసుకెళ్లి చూడవచ్చు. ప్రతి అట్టకూ ముందు ప్రైమరు, ఆ తర్వాత రెండేసి పూతలు. ఒక్క పూత వేసి చూడడం వృథా. అడుగు తెలుపు లోపలి నుంచి తొంగిచూస్తూ రంగును పలచన చేస్తుంది.

తడిగా ఉన్నప్పుడు రెండూ మరీ తెల్లగా కనిపించి అత్తయ్యకు దిగులేసింది. “ఇది పచ్చేనంటావా అమ్మాయ్, సున్నంలా ఉంది” అన్నారు. ఎమల్షన్‌లో రంగును పట్టి ఉంచే జిగురు తడిగా ఉన్నంతసేపూ పాలలా తెల్లగా ఉంటుంది. నీరు ఆరిపోయిన కొద్దీ అది పారదర్శకమవుతుంది, లోపలి రంగు బయటపడి ఒక మెట్టు ముదురుగా తేలుతుంది. అందుకే నీళ్లు కలిపి చేసే ఈ రంగులను ఆరకుండా పోల్చకూడదు. మర్నాడు పొద్దున అట్టలు చూసి ఆవిడే “ఇప్పుడు తెలుస్తోంది” అన్నారు.

ఇంకో సంగతి: రెండు అట్టలను ఒకదానికొకటి ఆనించి చూసినంతసేపూ తేడా పెద్దదిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఒకదాని పక్కన రెండోది ఉన్నప్పుడు కన్ను ఆ రెండింటి మధ్య ఉన్న భేదాన్ని పెంచి చూపిస్తుంది. యాలక్కాయ పక్కన ఎండు కరివేపాకు ఇంకా బూడిదగా, ఎండు కరివేపాకు పక్కన యాలక్కాయ ఇంకా పసుపుగా మారిపోతాయి. గోడ మీద ఉండబోయేది ఒక్కటే రంగు కనుక, ఆనించి చూడడం తేడా పసిగట్టడానికి మాత్రమే పనికొస్తుంది. ఎంచుకోవడానికి ఒక్కొక్క అట్టనే గోడకు పెట్టి, రెండోదాన్ని గది బయటికి పంపి చూడాలి. మేము ఒక పూట ఒకటి, మరో పూట మరొకటి పెట్టాము.

హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి ఫోటోలు పంపితే, “అమ్మా, రెండూ ఒకే ఫోటో పంపావు” అని ఫోను చేసింది. ఫోను కెమెరా తనకు తానే తెలుపును సరిచేసుకుంటుంది. పసుపు వైపు ఉన్నదాన్ని చల్లబరచి, నీలం వైపు ఉన్నదాన్ని వెచ్చబరచి, రెండింటినీ మధ్యకు తెచ్చిపెడుతుంది. మనం తేల్చుకోవాలనుకున్న భేదాన్నే అది చెరిపివేస్తోంది. రెండు అట్టలనూ, మధ్యలో ఒక తెల్ల కాగితాన్నీ ఒకే ఫోటోలో తీసి పంపితే గానీ దానికి తేడా తెలియలేదు. దూరంగా ఉన్నవాళ్ల సలహా అడిగేవారు ఈ తెల్ల కాగితాన్ని మరచిపోకూడదు.

ఉత్తరం కిటికీ, మన ఎండ

ఇంటీరియర్ల గురించి ఇంగ్లీషులో ఎక్కడ చదివినా ఒకే మాట కనిపిస్తుంది: ఉత్తరం కిటికీ ఉన్న గదిలో నేరుగా ఎండ పడదు, వెలుతురు నీలంగా, చల్లగా ఉంటుంది, కనుక అడుగున పసుపు ఉన్న రంగును ఎంచుకోండి అని. ఆ మాట ప్రకారం మా గదికి యాలక్కాయ తప్ప వేరే ఆలోచన ఉండకూడదు. కానీ ఆ మాట లండన్‌కూ న్యూయార్క్‌కూ సరిపోతుంది. ఒంగోలు భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు పదిహేనున్నర డిగ్రీల మీద ఉంది. ఇక్కడ మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరం వైపున ఉంటాడు. ఆ రోజుల్లో ఉదయించడం, అస్తమించడం కూడా ఉత్తరం పక్కకు జరిగే ఉంటాయి. జూన్ మూడో వారానికి సరిగ్గా తూర్పు నుంచి 24 డిగ్రీల దాకా ఉత్తరానికి జరిగి పొద్దు పొడుస్తుంది. అంటే మన ఇళ్లలో ఉత్తరం కిటికీకి ఎండ రాదన్నది ఏడాదిలో మూడు నెలలకు పైగా అబద్ధం.

ఇది పుస్తకం లెక్క కాదు, ఈ వారం మా గదిలో కళ్ల ఎదుట కనిపించింది. పొద్దున ఏడు గంటలకు ఎండ వేపచెట్టు ఈశాన్యం పక్క నుంచి ఏటవాలుగా లోపలికి దిగి, కిటికీ పక్కన ఉన్న తెల్ల గోడను ఓ అరగంట ముంచేస్తోంది. అక్కడ యాలక్కాయ అట్టను పెడితే, బూడిద అనేదే లేనట్లు మాయమై, చిలకపచ్చకు దగ్గరగా వెళ్లిపోయింది. పొద్దుటి ఎండలో పసుపు ఎక్కువ, చెట్టు ఆకుల గుండా వడకట్టుకు వచ్చిన వెలుతురులో పచ్చ ఎక్కువ, అట్టలో పసుపు ముందే ఉంది; మూడూ ఒక పక్కకే తోశాయి. అదే చోట ఎండు కరివేపాకు పెడితే, కార్డు మీద కనిపించినదానికన్నా వెచ్చగా, కానీ గట్టి ఆకుపచ్చగా నిలబడింది. మధ్యాహ్నం పన్నెండు దాటాక, సజ్జా కారణంగా ఎండ నేరుగా లోపలికి రాకపోయినా, బయటి సిమెంటు గచ్చు మీద పడి తిరిగి పైకి లేచిన తెల్లటి వెలుతురులో రెండూ ఉన్నదానికన్నా పాలిపోయాయి. ఆ వేళలో వీటి మధ్య తేడా ఎవరికీ తెలియదు. ఆ సమయంలో రంగు చూసి నిర్ణయించడం దండగ. సాయంత్రం నాలుగు గంటల తర్వాత తేడా మళ్లీ తేలింది.

అయితే ఇదంతా మే నెల మాట. కార్తీకం, మార్గశిరం వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వెళ్లిపోయి, ఈ కిటికీకి ఆకాశపు వెలుతురు తప్ప ఏమీ మిగలదు. అప్పుడు ఎండు కరివేపాకులో నీలి బూడిద పైకి వస్తుందని ఊహించాలి. దాని రుచి కొంతైనా చూడడానికి, ఒక మబ్బు పట్టిన పూట అట్టను గది మధ్యలో, కిటికీకి దూరంగా నిలబెట్టి చూశాను. కొంచెం మూగగా అనిపించింది, దిగులుగా అనిపించలేదు. మబ్బు పూట యాలక్కాయ మాత్రం చాలా బాగుంది. ఆ సంగతి దాచకుండా రాస్తున్నాను. ఏడాదంతా మబ్బు పట్టిన ఊరైతే నేను దాన్నే వేయించేదాన్ని.

దీపం వేశాక

మా ఇంట్లో ఈ గదిలో ఎక్కువగా కూర్చునేది రాత్రిపూటే. అత్తయ్య పొద్దున పేపరు చదువుకోవడం మినహా, మిగతా అందరికీ ఈ గది దీపాలు వేశాకే పనికొస్తుంది. కనుక పగటి పరీక్ష కన్నా రాత్రి పరీక్షకే ఎక్కువ మార్కులు ఇవ్వాలని మా వారు అన్నది న్యాయమే.

గదిలో ఉన్నది మన ఇళ్లలో ఎక్కడ చూసినా కనిపించే తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబు, డబ్బా మీద 6500 కెల్విన్ అని రాసి ఉంటుంది. ఆ అంకె పెరిగిన కొద్దీ వెలుతురు నీలం వైపు వెళుతుంది, తగ్గిన కొద్దీ పసుపు వైపు వస్తుంది. ఆ ట్యూబు కింద ఎండు కరివేపాకు దెబ్బతింది. పచ్చదనం దాదాపు పోయి, తడి సిమెంటు గోడ మీద పలచటి పచ్చ నీళ్లు పోసినట్లయింది. యాలక్కాయ అదే ట్యూబు కింద తేటగా నిలిచింది. ఆ రాత్రికి ఇంట్లో ఓట్లన్నీ యాలక్కాయకే పడ్డాయి.

ఎదురింటి నుంచి ఒక 2700 కెల్విన్ బల్బు అడిగి తెచ్చి స్టాండు లైటుకు పెట్టి చూస్తే, ఫలితం తలకిందులైంది. ఆ పసుపు వెలుతురులో యాలక్కాయ ఖాకీ అయిపోయింది. ఎండు కరివేపాకు మాత్రం పగటి రంగుకు చాలా దగ్గరకు వచ్చింది. ఒక దీపం కింద ఒకటిగా కనిపించే రెండు రంగులు మరో దీపం కింద విడిపోవడాన్ని మెటామెరిజం అంటారు. మా రెండు రంగులూ అంత పక్కా జంట కాకపోయినా, దీపం మారితే జాతకాలు మారిపోవడం మాత్రం కళ్లారా చూశాము. చివరికి 4000 కెల్విన్ బల్బు కొని పెట్టాము. అందులో రెండూ తమ తమ పగటి రూపాలకు దగ్గరగా ఉన్నాయి, చదువుకోవడానికీ వెలుతురు సరిపోయింది. బల్బు కొనేటప్పుడు సీఆర్‌ఐ అనే అంకె కూడా చూడమని చెప్పాలి. పగటి వెలుతురుతో పోలిస్తే ఆ దీపం రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో అది చెబుతుంది. మామూలు బల్బులకు 80 ఉంటుంది, 90 ఉన్నవి కొంచెం ఖరీదు. మేము 90ది తీసుకున్నాము, ఎందుకంటే రంగుకు ఇంత శ్రమపడి, దాన్ని సరిగ్గా చూపించని దీపం కింద కూర్చోవడం నాకు నచ్చలేదు.

రంగు ముందా దీపం ముందా అన్న ప్రశ్న ఇక్కడే తేలిపోయింది. గోడ రంగు మార్చాలంటే ఇల్లంతా సర్దాలి, మేస్త్రిని పిలవాలి. బల్బు మార్చడానికి స్టూలు చాలు. కనుక పగలంతా బాగుండే రంగును ఎంచుకుని, దీపాన్ని దానికి తగ్గట్టు మార్చుకోవడమే సబబు.

నేల, తలుపులు

మిగిలిన ప్రశ్న టేకు తలుపులది, అవి పక్కనున్న గోడ రంగును ఎలా మారుస్తాయన్నది. పారిస్‌లోని గోబెలిన్స్ తివాచీల కార్ఖానాలో రంగుల విభాగాన్ని నడిపిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షించి చూస్తే లోపం దారంలో లేదు, దాని పక్కన నేసిన రంగుల్లో ఉంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో ఆయన 1839లో విపులంగా ప్రకటించాడు. పాలిష్ చేసిన టేకులో ఎరుపు గోధుమ ఛాయ ఉంటుంది, దానికి ఎదురు రంగు ఆకుపచ్చ. తలుపు చట్రానికి ఆనించి పెట్టగానే ఎండు కరివేపాకు తన బూడిదలోంచి ఒక మెట్టు పైకి లేచి పచ్చబడింది. యాలక్కాయ అదే చట్రం పక్కన మరీ పచ్చి అయింది. బూడిద ఎక్కువ ఉన్న రంగుకు ఈ గదిలో పచ్చదనాన్ని తలుపులే అరువిస్తున్నాయన్నమాట. రంగు డబ్బాలో అంత పచ్చ అవసరం లేదు.

అట్ట మీద చూసిన పచ్చదనం నాలుగు గోడల మీదికి వచ్చేసరికి పెరుగుతుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక గోడ మీద తగిలిన వెలుతురు పచ్చబడి ఎదుటి గోడ మీద పడుతుంది, అక్కడ ఇంకొంచెం పచ్చబడి తిరిగి వస్తుంది. అందుకే కార్డు మీద నెమ్మదిగా ఉన్న రంగు గదంతా వేశాక గట్టిగా మాట్లాడుతుంది. ఈ తాకిడి నేల నుంచి కూడా వచ్చేది గానీ, మా నల్ల గ్రానైటు వెలుతురును పెద్దగా తిప్పి పంపదు. ఎర్ర ఆక్సైడు గచ్చు గానీ, లేత పసుపు టైల్స్ గానీ ఉన్న గదిలో ఇవే రెండు రంగులు ఇంకో రకంగా తేలేవి. పొరుగింట్లో చూసి బాగుందని అదే కోడు తెచ్చుకునేవారు తమ ఇంటి నేలను కూడా ఓసారి చూసుకోవాలి.

నిర్ణయం

ఎండు కరివేపాకు. పొద్దుటి ఎండకు తట్టుకుంది, టేకుతో బలపడింది, నాలుగు గోడల మీద పెరగడానికి దానికి చోటు ఉంది, 4000 కెల్విన్ దీపం కింద తన రంగులో నిలిచింది. దానికి వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం పాత ట్యూబులైటు ఒక్కటే, దాన్ని తీసేశాము. అత్తయ్యకు యాలక్కాయ మీద మనసు ఇంకా పోలేదు. వంటింటి పక్కన కిటికీ లేని నడవ ఒకటుంది, అక్కడ పగలు కూడా దీపం ఉండాల్సిందే, ఆ నడవకు యాలక్కాయ సరిగ్గా సరిపోతుందని చెప్పాను. అది ఆవిడను ఊరుకోబెట్టడానికి అన్న మాట కాదు. అట్ట తీసుకెళ్లి చూసే చెప్పాను.

షీను, అంటే ఆరిన రంగుకు ఉండే మెరుపు, విషయంలో కూడా ఒక నిర్ణయం తీసుకున్నాము. మెరుపు ఉన్న రకం కడగడానికి తేలిక, కానీ కిటికీ పక్క గోడ మీద ఏటవాలు వెలుతురు పడినప్పుడు పుట్టీ ఎగుడుదిగుళ్లన్నీ చూపిస్తుంది, రంగును కూడా ఒకచోట ముదురుగా, ఒకచోట తెల్లగా విడగొడుతుంది. అందుకే మెరుపు బాగా తక్కువగా ఉన్న రకం, అదే కోడులో తీసుకున్నాము. మెరుపు మారితే అదే కోడు కూడా కంటికి వేరుగా కనిపిస్తుంది కనుక, నమూనా డబ్బా ఏ రకంలో తీసుకున్నామో పెద్ద డబ్బా కూడా అదే రకంలో తీసుకోవాలి.

మే మూడో వారం: పూత

కిటికీ, తలుపులు తీసేస్తే గోడల వైశాల్యం సుమారు 440 చదరపు అడుగులు వచ్చింది. నున్నటి గోడకు రెండు పూతలు కలిపి లీటరుకు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుందన్న లెక్కన నాలుగు లీటర్ల డబ్బా సరిపోవాలి. అయినా ఒక లీటరు డబ్బా అదనంగా కలిపించి, రెండింటినీ పని మొదలుపెట్టే ముందే ఒకే బకెట్టులో పోయించాను. ఒకే సూత్రంతో కలిపినా రెండు డబ్బాల మధ్య వెంట్రుకవాసి తేడా రావచ్చు. ఒక గోడ మధ్యలో డబ్బా మారితే ఆ వాసి కూడా కనిపిస్తుంది. మేస్త్రికి ఈ పని తెలుసు. “పెద్ద గోడలకు మేమూ అట్టాగే చేస్తామమ్మా” అన్నాడు.

ముందుగా కిటికీ చుట్టూ, పైకప్పు అంచు వెంట బ్రష్షుతో గీత కట్టి, అది తడిగా ఉండగానే రోలరుతో గోడ నింపాడు. గీత ఆరిపోయాక రోలరు వేస్తే అంచు వెంట చట్రం కట్టినట్లు ముదురు పట్టీ మిగిలిపోతుంది. లేత బూడిద పచ్చల్లో అది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి పూత ఆరడానికి డబ్బా మీద నాలుగు గంటలు రాసి ఉంది గానీ, ఈ ఉక్కపోతలో సాయంత్రానికి కూడా వేలికి చల్లగా తగిలింది. మర్నాటికి ఆపాము.

మొదటి పూత తర్వాత గది చూసి ఇంట్లో కొంచెం గుబులు పుట్టింది, ఎందుకంటే రోలరు చారలు కనిపిస్తున్నాయి, పచ్చ ఒక్కోచోట ఒక్కోలా ఉంది. రెండో పూత ఆరాక ఆ గుబులు పోయింది. ఉదయం కిటికీ పక్క గోడ వెచ్చటి పచ్చగా, ఎదుటి గోడ అంతకన్నా ఒక ఛాయ నెమ్మదిగా ఉంది. రాత్రి కొత్త బల్బు కింద రెండు గోడలూ కలిసిపోయాయి. అట్ట మీద చూసినదానికన్నా పచ్చదనం హెచ్చిందన్నది నిజం, ఆశించినంత మేరకే హెచ్చింది. మేస్త్రి తలుపు పక్కన నిలబడి కాసేపు చూసి, “ఇది ఆ రెండోదేనా అమ్మా? డబ్బాలో ఇంత పచ్చ లేదే” అన్నాడు. టేకు చట్రానికి అడ్డంగా తెల్ల కాగితం పట్టుకుని మళ్లీ చూడమన్నాను. కాగితం అడ్డం ఉన్నంతసేపూ బూడిదగా, తీసేయగానే పచ్చగా కనిపించడం అతనికి బాగా నచ్చింది. ఇంకో ఇంట్లో కూడా చూపిస్తానన్నాడు.

పడమటి గోడ అడుగు భాగం ఇంకా పూర్తిగా ఆరలేదు. అక్కడ ప్లాస్టిక్ షీటు ముక్క ఒకటి అంటించి ఉంచాను. దాని లోపలి వైపు చెమట పట్టడం ఆగాక పుట్టీ, ప్రైమరు, ఆ తర్వాత ఇదే బకెట్టులో మిగిల్చిన రంగు. మిగిలినదాన్ని గాలి చొరకుండా చిన్న డబ్బాలో నింపి, మూత మీద కోడూ, బేసూ, కలిపిన తేదీ రాసి, సూత్రం చీటీ ఫోటో తీసి పెట్టుకున్నాను. నడవకు యాలక్కాయ ఒక లీటరు చాలు. దానికి ఎల్లుండి కలిపించాలి.